అడ్డపొగను పట్టిన నల్లపొడి

విజయనగరంలో రీసెర్చి చేస్తున్న మా మేనకోడలు ఆమధ్య భావనపాడులోని మా ఇంటికి అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి తెచ్చింది. అందులో చిటికెడు నల్లపొడి పూత. దాని నిండా కంటికి ఆనని బెజ్జాలున్నాయట. ఏ ఆవిరైనా వాటిలో దూరితే పొడిలో పారే కరెంటు మారి, లాప్‌టాప్‌లో గీత లేస్తుంది. చేప తాజాదో పాడైందో దాంతో తేల్చాలని పిల్ల పట్టుదల. మొన్న ఎవరింట్లో ఏ కూర వండారో కూడా అది చెప్పేస్తుందని నేను వీధిలో చెప్పి వచ్చాను. ఆ పూట మా వీధిలో ఒక్క పొయ్యీ వెలగలేదు.

చేపను దగ్గర పెట్టేముందు ఉత్తగాలికి గీత కదలకుండా నిలబడాలి. అదే నిలబడలేదు. పక్కన కూర్చున్న మా అమ్మ నోరు విప్పినప్పుడల్లా గీత లేచేది. మర్నాడు గైడుకు చూపించాలి. పూత పాడైంది, మళ్లీ మొదటికొచ్చిందని పిల్ల మొహం వాడిపోయింది.

నాకు సంగతి తెలుసు. మా వైపు ముసలమ్మలు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. అంగిట్లో తెల్లమచ్చ చూసి డాక్టరు మానెయ్యమన్నాక, అమ్మ ఈ మనవరాలి నెత్తిమీదే చెయ్యేసి ఒట్టు పెట్టింది. ఆపైన పెరట్లో కాల్చుకొచ్చి లవంగం బుగ్గన పెట్టుకునేది. మా ముక్కులను ఏమార్చడానికి అంతే చాలు, నా కళ్లను కాదు.

అమ్మను కాయడానికి నేను అందుకున్నాను. సముద్రపు గాలికి మా ఊళ్లో గడియారాలే వెనక్కి నడుస్తాయి, నీ గీత ఎంత అన్నాను. పిల్ల నవ్వలేదు. యంత్రం సర్దెయ్యబోయింది.

అమ్మ దాని చెయ్యి పట్టుకుంది.

"ఒట్టు తప్పినానే తల్లీ. పొద్దున్న కూడా కాల్సినాను. అందుకే నీ మిషను సెడిపోనాది."

పిల్ల అమ్మను వీధరుగు మీదికి పంపింది. గీత పడుకుంది. పిలిచి ఊదమంది. లేచింది.

"సెడిపోలేదు అమ్మమ్మా. నిన్ను పట్టేసినాది."

మర్నాడు పిల్ల బస్సెక్కినప్పుడు పక్కసీట్లో అమ్మ కూర్చుంది, డాక్టరుకు అంగిలి చూపించుకోవడానికి. తిరిగొచ్చాక, మనవరాలు ఇంకో యంత్రం మనింట్లోనే వదిలిందని అమ్మకు చెప్పాను. గూట్లో నేను నల్లకాగితం అంటించి పెట్టిన అగ్గిపెట్టె ఒకటుంది. దాని ముందునుంచి అమ్మ ఈనాటికీ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే వెళుతుంది.