ప్రసన్నకుమారి చెప్పిన హిందీ

నా భార్య ప్రసన్నకుమారి చివరిగా చేసిన పని రిమోట్ నొక్కి సినిమా ఆపడం. ఆగస్టు నెల, మధ్యాహ్నం మూడు దాటింది. భీమవరం మీద ఉన్నట్టుండి మబ్బు పట్టింది.

"ఉండండి, డాబా మీద బట్టలున్నాయి. తెచ్చాక చెబుతాను వాడేమన్నాడో," అని లేచింది.

టీవీలో హీరో నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ప్రసన్న మెట్ల మీదే కూలిపోయింది. గుండె అన్నారు. బట్టలు తడిసిపోయాయి.

ప్రసన్న ఇరవై ఎనిమిదేళ్ళు హైస్కూల్లో హిందీ చెప్పింది. మా చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఏటా జరిగే సువార్త కూటాలకు ఉత్తరాది బోధకులు వస్తే వాళ్ళ పక్కన రెండో మైకు తనదే. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగాలి, తను తెలుగులో చెప్పాలి, మళ్ళీ ఆయన ఎత్తుకోవాలి. ఒకసారి ఒక బోధకుడు నాలుగు ముక్కలు అని ఆగితే, ప్రసన్న అర నిమిషం చెప్పింది. పందిరంతా ఘొల్లున నవ్వింది. బోధకుడు ఉలిక్కిపడి తన పుస్తకంలోకి చూసుకున్నాడు. ఆయన చమత్కారం గురించి పాస్టరు యెహెజ్కేలు గారు నెల్లాళ్ళు చెప్పుకున్నారు. హిందీ క్లుప్తమైన భాష కాబోలునని నేననుకున్నాను.

అలాంటి మనిషికి రిటైరయ్యాక పట్టిన పిచ్చి, ఈ కాలపు హిందీ హాస్య సినిమాలు. వాటిలో తండ్రికి మర్యాద లేదు, పోలీసుకి లేదు, చచ్చిపోయినవాడికి అసలే లేదు.

"ఏముంది ప్రసన్నా ఇందులో?" అని అడిగాను మొదట్లో.

"ఇన్నేళ్ళూ ఈ భాషలో 'ఎల్లప్పుడూ నిజమే పలకాలి' అని రాయించానండి పిల్లల చేత. 'ఆవు మనకు పాలిస్తుంది' అని చదివించాను. ఈ భాషలో మనుషులు తిట్టుకుంటారని, పెళ్ళిపీటల మీంచి పారిపోతారని నాకు ఎవరు చెప్పారు? పైగా చూడండి, ఆఖరికి ఒక్కడూ బాగుపడడు. ఎంత హాయిగా ఉందో!"

నాకు హిందీ రాదు. తెలుగు లెక్చరరుగా రిటైరయ్యాను, రెండు కథల పుస్తకాలు వేశాను. మా ఇంట్లో సాహిత్యం నా శాఖ. వంట, హిందీ తనవి. అయినా పక్కన కూర్చోబెట్టేది. కూటాల్లో అలవాటైన పద్ధతే. ఒక మాట వినడం, రిమోట్ నొక్కి ఆపడం, తెలుగులో చెప్పడం, మళ్ళీ నడిపించడం. రెండు గంటల సినిమాకి మాకు నాలుగున్నర గంటలు పట్టేది. ఎంత ఘోరమైన తిట్టయినా తన నోట 'సన్నాసి' అయ్యేది.

"వాడు అంతసేపు తిట్టాడు. నువ్వు ఒక్క మాట చెప్పావేంటి?"

"మిగతాదంతా వ్యాకరణం అండి."

నేను నవ్వేవాణ్ణి. సినిమా చవకబారుదే గానీ, మాటలు రాసినవాడెవడో గట్టివాడని అనుకునేవాణ్ణి.

అన్నిటిలోకీ తనకిష్టమైనది ముగ్గురు స్నేహితులు అంబులెన్సు దొంగిలించే సినిమా. అందులో హీరో ఒక పెద్దమనిషి చావుకని వెళ్ళి, పొరపాటున వేరే ఇంట్లోకి దూరి, ముక్కూ మొహం తెలియని శవం మీద పడి భోరున ఏడుస్తాడు. స్నేహితుడు వచ్చి చెవిలో చెబుతాడు, మన శవం పక్క వీధిలో అని. అక్కడ ప్రసన్న రిమోట్ నొక్కింది. కళ్ళు తుడుచుకుని చెప్పింది.

"ఏమంటున్నాడంటే, 'ఏడ్చింది ఎలాగూ ఏడ్చేశాను, వెనక్కి తీసుకోలేను. ఈయనకే ఉంచెయ్యండి.' "

ఆ మాట నన్ను వదల్లేదు. రెండు నెలల తర్వాత ఒక కథ రాశాను. యానాం దగ్గర ఒక ముసలాయన, ఎడంగా బతికిన అన్న చావుకి వెళ్ళబోయి వేరే ఇంట్లో ఏడ్చే కథ. చివరి వాక్యం అదే. అక్షరం మార్చలేదు.

ప్రసన్నకి చదవమని ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"బాగుందండి. ఆఖరి మాట మరీ బాగుంది," అంది. కళ్ళజోడు తీసి వంటింట్లోకి వెళ్ళింది.

ఆ కథకి రాజమండ్రిలో బహుమతి ఇచ్చారు. మాట్లాడిన నలుగురూ ఆ ఒక్క వాక్యమే ఎత్తి చదివారు. అది జీవితాన్ని కాచి వడబోసిన మాట అన్నారొకాయన. నాకు శాలువా కింద చెమటలు పట్టాయి. మొదటి వరుసలో కూర్చున్న ప్రసన్న మాత్రం పెళ్ళికూతురి తల్లిలా వెలిగిపోతోంది.

తిరుగు రైల్లో నా భయం చెప్పాను.

"ఎవడో ఒకడు ఆ సినిమా చూస్తాడు ప్రసన్నా. హిందీ సినిమాలోంచి ఎత్తేశాడని పేపర్లో రాస్తాడు. ఇంక నా మొహం ఎవరికి చూపించను?"

"చూడనివ్వండి. పట్టుకోలేరు."

"అంత గట్టిగా ఎలా చెబుతున్నావు?"

"హిందీ నాకొచ్చా, మీకొచ్చా?"

ఆ ధీమా చూసి నాకు కోపం వచ్చింది. ఆ సినిమా పేరు ఎవరి దగ్గరా ఎత్తొద్దని మాట తీసుకున్నాను. పాపం, తన తోటి టీచరు ఉషారాణికి కూడా చెప్పలేదు. నాకు మాత్రం భయం తగ్గలేదు. చర్చిలో పాలరాయి పరవడానికి రాజస్థాన్ నుంచి వచ్చిన పనివాళ్ళు హిందీలో నవ్వుకుంటుంటే, నా గురించేనేమో అనిపించేది. వాళ్ళకి తెలుగు చదవడం రాదని గుర్తొచ్చాక ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

సమాధి కార్యక్రమంలో యెహెజ్కేలు గారు, "మన సహోదరి నోట ఏనాడూ ఒక చెడ్డ మాట రాలేదు," అన్నారు. నిజమే. అన్నీ హిందీలోనే ఉంచేసింది.

నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక మా అమ్మాయి ఆశాజ్యోతి టీవీ పెట్టింది. సగంలో ఆగిన సినిమా కనబడింది, ఆ రోజు ప్రసన్న మళ్ళీ పెట్టిన అంబులెన్సు సినిమా. హీరో ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు.

"చూస్తారా నాన్నా?"

"నాకేం అర్థమవుతుందమ్మా, అమ్మ లేకుండా?"

"కింద తెలుగు అక్షరాలు వస్తాయి, ఉండండి." ఏదో నొక్కింది. వచ్చాయి.

"ఇది ఎప్పటినుంచి ఉంది?"

"ఎప్పుడూ ఉంది. అమ్మకి నేనే చూపించాను, రెండేళ్ళయింది. 'మీ నాన్నకి చెప్పకే' అంది."

ఆశ వంటింట్లోకి వెళ్ళాక నేను సినిమా వెనక్కి తిప్పాను. చావు ఇంటి దగ్గరికి తెచ్చుకున్నాను. నా వాక్యం ఆ కింద తెల్లటి అక్షరాల్లో ఎలా ఉంటుందో, ఎంతవరకు దొరికిపోతానో చూడాలని. హీరో ఏడ్చాడు. స్నేహితుడు వచ్చి చెవిలో చెప్పాడు. హీరో ముక్కు చీది, లేచాడు. కింద తెలుగులో ఒక్క మాట పడింది.

"పద."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. అక్కడ ఇంకే మాటా లేదు.