చెల్లెలి కృతజ్ఞతా కూడిక

మా మరిది కొడుకు నంద్యాలలో కొత్త కారు కొని, ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటున్నామని మొన్న ఫోనులో ఆహ్వానం పంపించాడు. వాళ్ల సంతోషాన్ని కాదనడానికి నేనెవరిని గానీ, ఆ రెండు మాటలు కంటపడితే చాలు, ఇన్నేళ్లయినా నాకు మా చెల్లెలే గుర్తొస్తుంది.

డెబ్బైలలో మేము ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. నాయన బడిపంతులు. మేలైనా కీడైనా దేవునికి వందనాలు చెప్పి తీరాలన్నది ఆయన పట్టుదల. వానకు కొట్టం కారినా వందనాలే, పప్పు మాడినా వందనాలే. జబ్బు నయమైతే చుట్టాలను పిలిచి, పాటలు పాడి, ఒక్కొక్కరూ లేచి దేవుడు తమకు చేసిన మేలు ఒకటి చెప్పుకుని, ఆ తరువాత భోజనాలకు కూర్చునే ఆ కూడికలు నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి.

చెల్లెలికి ఏడేళ్లప్పుడు విషజ్వరం వచ్చి, నంద్యాల ఆసుపత్రిలో చేర్చాం. చాలా రోజులకు జ్వరం దిగి, అది ఇడ్లీ కావాలని అడిగిన పూట నాయన ఆనందం పట్టలేక, వచ్చే శనివారం కూడిక అని బనగానపల్లె, వెలుగోడు చుట్టాలందరికీ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని పోస్టుకార్డులు రాసేశాడు. బిడ్డ ఇల్లు చేరాక రాయొచ్చు కదా అని అమ్మ అంటే, అది అవిశ్వాసమన్నాడు. గురువారం జ్వరం తిరగబెట్టింది. శుక్రవారం తెల్లవారేసరికి చెల్లెలు పోయింది. ఆళ్లగడ్డకు తెచ్చి సాయంత్రం సమాధి చేశాం.

ఆ దుఃఖంలో కార్డుల సంగతి ఎవరికి గుర్తుంటుంది! శనివారం పొద్దున చుట్టాలు మంచి బట్టలు కట్టుకుని, అరటిపండ్లు పట్టుకుని, నవ్వుకుంటూ బస్సు దిగారు. చెల్లెలికని మా మేనత్త గౌను కుట్టించి తెచ్చింది. "యాడ నా బంగారు?" అని వాకిట్లోనే కేకేసింది. ఏడుపులు కాస్త సద్దుమణిగాక నాయన కండువాతో మొహం తుడుచుకుని, "పిలిచినాం గదా, కూడిక జరుపుదాం" అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు పుట్టిన కోపం ఆయన పోయేదాకా పూర్తిగా పోలేదు.

పాడారు. ఒక్కొక్కరూ లేచి ఏదో గొణిగి కూర్చున్నారు. నాయన, "ఏడేండ్లు ఇచ్చినావు ప్రభువా" అని మాత్రం అనగలిగాడు. అమ్మ వంతు వచ్చింది. ఆ గౌను రెండు చేతులా పట్టుకుని లేచి నిలబడింది. నాయన మెల్లగా, "చెప్పు మే" అన్నాడు. "నా కాడ ఏం లేదు" అని కూర్చుంది.

ఆ తరువాత అమ్మ ఏ కూడికా మానలేదు. తన వంతుకు లేచేది, ఊరికే నిలబడి కూర్చునేది. అందరూ తలలు వంచుకుని, ఆమె కూర్చునేదాకా కాచుకునేవాళ్లు. చెప్పమని ఎవరూ అనలేదు, నాయన కూడా.

కారు కూడికకు నేనూ వెళ్లాను. ఈ రోజుల్లో మైకు చేతులు మారుతుంది. ప్లాట్లు, ప్రమోషన్లు, పిల్లల ర్యాంకులు, చెప్పుకోవడానికి అందరి దగ్గరా ఏదో ఒకటి ఉంది. నా వంతుకు లేచాను. పోయినేడు మా ఆయన్ను మట్టిలో పెట్టిన దగ్గర నుంచి నా దగ్గరా ఏమీ లేదు. అమ్మలాగా నిలబడ్డాను. నిమిషమైనా కాలేదు, మరిది కొడుకు నవ్వుతూ వచ్చి నా చేతిలోని మైకు తీసుకుని, "మా పెద్దమ్మ తరపున కూడా దేవునికి వందనాలు" అని చెప్పి, పక్కావిడకు అందించాడు.