రేపు రేసనగా

మా ఊళ్ళో పడవ ఎక్కడానికి వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవరు. బోగోలు తీరంలో మా వీధి ఆడవాళ్ళందరికీ అది ఉగ్గుపాలతో అబ్బిన పద్ధతి. ఒకసారి మా నాయన అన్నం క్యారియరు ఇసుకలోనే మరిచిపోయి పడవ ఎక్కబోయాడు. అమ్మ దాన్ని చూసింది, చేతిలోకి తీసుకుంది కూడా, కానీ నోరు మెదపలేదు. మర్నాడు ఆయన ఆకలితో నకనకలాడుతూ వచ్చి ఇల్లు పీకి పందిరేశాడు. అమ్మ కంచం ముందు పెట్టి, ఎవరితోనో అన్నట్టు, "ఆకలిదేముంది, మనిషి వచ్చినాడు గదా" అంది. ఆ సంగతి చెప్పుకుని మేం చాలాకాలం నవ్వుకున్నాం.

మా తమ్ముడు పడవ ఎక్కలేదు. తడ దగ్గర ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు చేసి, అక్కణ్ణుంచి మద్రాసు శివార్లలో చిన్న రేసు కార్లు అద్దెకిచ్చే చోట మెకానిక్కుగా చేరాడు. బాగుచేసిన కారు సరిగ్గా ఉందో లేదో చూడడానికి వాడే నడిపేవాడు. అక్కడికి సరదాకి వచ్చి నడిపేవాళ్ళకంటే వీడే ముందొస్తున్నాడని యజమాని కనిపెట్టాడు. ఆ తర్వాత చిన్నాచితకా పోటీలకు పంపాడు. ఈసారి మద్రాసు నడిబొడ్డున, మామూలు రోడ్ల మీదే, రాత్రిపూట దీపాల వెలుగులో రేసు పెడుతున్నారని, పెద్ద కార్ల పోటీకి ముందు జరిగే చిన్న కార్ల పోటీలో ఒక కారు నడపాల్సినవాడు తప్పుకున్నాడని, ఆ సీటు తనకొచ్చిందని ఫోన్ చేశాడు. రాదనుకున్నది వచ్చింది. మళ్ళీ వస్తుందన్న నమ్మకం వాడికీ లేదు, మాకూ లేదు.

రేసుకు కొద్దిరోజుల ముందు ఇంటికొచ్చాడు. వచ్చినవాడు ఊరికే కూర్చోకుండా, పడవను ఒడ్డు మీదికి లాగేవాళ్ళతో కలిసి తాడు పట్టుకున్నాడు. ఎవరు పట్టుకోమన్నారు? ఎవరూ అనలేదు. మావాళ్ళకు తాడు కనిపిస్తే చేతులు ఊరుకోవు. తాడు జారి కుడి మణికట్టు మెలిపడింది. అమ్మకు చెప్పకుండా తిన్నగా నెల్లూరులో నేను పనిచేసే మందుల షాపుకి వచ్చాడు. చెయ్యి బూరెలా వాచి ఉంది. ఎక్స్‌రే తీయించుకోరా అంటే, తీస్తే కట్టు కడతారు, కట్టు కడితే కారెక్కనివ్వరు అన్నాడు. రేసువాళ్ళ డాక్టరు పరీక్ష అంతకుముందే అయిపోయిందట. కౌంటరు మీద నుంచి నా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు.

"ఎవురికీ చెప్పనని ఒట్టెయ్యక్కా."

ఒట్టు తప్పితే ఎవరికి కీడో నాకు తెలుసు. వాడికీ తెలుసు, అందుకే ఆ చెయ్యి తన నెత్తినే పెట్టుకున్నాడు. నొప్పి మందూ చుట్టుకునే పట్టీ ఇచ్చి పంపాను.

రేపు రేసనగా, కార్లు నడిపేవాళ్ళ ఇంటివాళ్ళను సాయంత్రం పూట దారి చూడనిచ్చారు. నాయన రానన్నాడు. అమ్మా నేనూ వెళ్ళాం.

అది మాకు తెలిసిన రోడ్డే. నాయనకు కంటి ఆపరేషన్ చేయించినప్పుడు దాని మీదే ఆటోలో తిరిగాం. ఇప్పుడు రెండు పక్కలా సిమెంటు గోడలు, వాటి మీద ఇనప వల. స్పీడు బ్రేకర్లు ఏవని అమ్మ అడిగింది. తీసేశారన్నాడు మాతో నడుస్తున్న తమ్ముడు. ఉంటేనే గుద్దుకుంటున్నారు, ఉన్నవి కూడా తీసేస్తే ఎట్లారా అని ఆమె అక్కడే నిలబడిపోయింది. వాడు నవ్వి చెయ్యి పట్టుకుని నడిపించాడు. పొద్దు గూకకముందే దీపాలన్నీ వెలిగించారు.

ఇక్కడ బ్రేకు తొక్కాలి, ఇక్కడ గోడకు జానెడు దూరంలో పోవాలి అంటూ వాడు గాల్లో స్టీరింగు తిప్పి చూపిస్తున్నాడు. బిగించి తిప్పాల్సిన మలుపు వచ్చినప్పుడల్లా ఎడమ చెయ్యే తిరుగుతోంది, కుడిది ఊరికే దాని వెంట పోతోంది. పక్కకు తప్పుకోవడానికి ఆ దారిలో ఎక్కడా చోటు లేదు. మా సముద్రానికైనా చుట్టూ గోడలు లేవు. వాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. లాగి ఒకటి పీకాలనిపించింది, ఆ వెంటనే కాళ్ళు పట్టుకుని వద్దురా అనాలనిపించింది. చెబితే సీటు పోతుంది, ఇక జన్మలో నా మొహం చూడడు. చెప్పకపోతే ఆ గోడలున్నాయి.

చీకటి పడగానే ప్రాక్టీసు. ఇంటివాళ్ళు గేటు ఇవతలే ఉండిపోవాలి. వాడు ఫోన్ అమ్మ సంచిలో వేసి, వంగి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాడు. లేచేటప్పుడు కుడి చెయ్యి నేలకు ఆనించి చటుక్కున తీసేశాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని గేటు దాటాడు.

నా నోట వాడి పేరు సగం వచ్చేసరికి అమ్మ అరచెయ్యి నా నోరు మూసింది.

"పొయ్యేవోణ్ణి ఎనక నించి పిలవబాకు మే."

ఆ చెయ్యి తోసేసి చెప్పేశాను. మణికట్టు సంగతి, మందు సంగతి, ఒట్టు సంగతి, అన్నీ. అమ్మ నన్ను తిట్టలేదు. నా వైపు చూడను కూడా లేదు. గేటు ఊచలు పట్టుకుని "అబ్బోడా" అని పిలిచింది. వెళ్ళే మనిషిని అమ్మ వెనక్కి పిలవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. గొంతు చీలిపోయేలా మళ్ళీ పిలిచింది. అప్పటికే లోపల కార్లు స్టార్టు చేశారు. ఆ మోతలో, పక్కనే ఉన్న నాకే ఆమె మాట సరిగా వినబడలేదు. వాడు వెనక్కి తిరగలేదు. ఎందుకు తిరుగుతాడు? వెళ్ళేటప్పుడు తిరిగి చూడకూడదని వాడికి నేర్పింది అమ్మే.

నేను వాడికి ఫోన్ చేశాను. అది అమ్మ సంచిలో మోగింది. గేటు దగ్గరి కాపలా మనిషిని బతిమాలాను. అతను అరవంలో ఏదో చెప్పి అటు తిరిగాడు.

అమ్మ గోడ పక్కన కూలబడింది. కాసేపటికి నా చున్నీ పట్టుకుని లాగింది.

"వాడికి ఇనబళ్ళేదు గదా. ఇనబడకపోతే పిలిచినట్టు కాదు గదా?"

కాదమ్మా, కానే కాదు అన్నాను. నేను తప్పిన ఒట్టు సంగతి అడుగుదామంటే నాకు ఎవరూ లేరు. గోడ అవతల మొదటి కారు దూసుకుపోయింది. అది వాడిదో కాదో మా ఇద్దరికీ తెలియలేదు.