మూడు రోజుల్లో దిగాల్సిన అద్దం

పిడికెడు మోటారు కోసం హాయిల్ నుంచి రియాద్ దాకా వెళ్ళొచ్చానంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. వెళ్ళక తప్పలేదు.

నాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే నా కఫీలు, అబూ సాలెం పొలంలో నేనే డ్రైవరుని, నేనే మెకానిక్కుని. సోమవారం సాయంత్రం ఆయన సొంతంగా నడుపుకునే పాత పికప్‌లో డ్రైవరు వైపు అద్దం పైకెక్కి, మళ్ళీ దిగలేదు. చూస్తే మోటారు కాలిపోయింది. ఇదేం పెద్ద సంగతనుకున్నాను గానీ ముసలాయన ముఖం మాడిపోయింది.

బావి దగ్గర తగవొచ్చి ఆయనకూ వాళ్ళన్నకూ రెండేళ్ళుగా మాటల్లేవు. ఒకరి గడప ఒకరు తొక్కరు. కానీ రోజూ పొద్దున పొలం దారిలో రెండు బండ్లూ పక్కపక్కన ఆగుతాయి. అద్దాలు దిగుతాయి. ఒక సలాం, ఒక జవాబు, మళ్ళీ అద్దాలు పైకి. తోబుట్టువును మూడు రోజులకు మించి పలకరించకపోతే పాపమని వాళ్ళ నమ్మకం. ఆ బంధం బతికున్నది ఆ ఒక్క సలాంతోనే.

"బాబా, బండి దిగి చెప్పొచ్చు కదా?" అన్నాను.

"దిగితే నేనే రాజీకి వచ్చినట్టు."

తలుపు తీద్దామంటే ఆ ఇరుకు దారిలో పట్టదు. అద్దం దించి వదిలేద్దామంటే ఆయనది ఆస్తమా ఒళ్ళు, ఆ దుమ్ముకు ఆసుపత్రి పాలవుతాడు. ఇద్దరు ముసలివాళ్ళ పంతానికి నా నడుం విరగాలా అని లోపల విసుక్కున్నాను. హాయిల్ దుకాణాల్లో ఆ పాత మోడల్ మోటారు తెప్పించడానికి పది రోజులన్నారు. ఆఖరి సలాం సోమవారం పొద్దునది, ఆయనకున్నది గురువారం పొద్దుటి వరకే.

అద్దాన్ని పైనే టేపుతో అంటించి, మంగళవారం ఏడింటికి పాత మోటారు సంచిలో వేసుకుని బస్సెక్కాను. పక్క సీట్లో రాయచోటి మస్తాన్, రియాద్‌లో ఎలక్ట్రీషియన్. కథంతా విని నవ్వాడు.

"నోటితో చెప్పే సలాముకు మోటారేందన్నా? రెండు తలకాయలూ పట్టి ఢీ కొట్టిచ్చేస్తే పోతుందే!"

"నువ్వొచ్చి కొట్టీబ్బా, నాకు కూడు పెట్టేది ఆయప్ప" అన్నాను.

పదకొండింటికి పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆగితే టీ, పరోటా తిన్నాం. రెండింటికి రియాద్ చేరాం. దారి తెలుసని మస్తాన్ కూడా నాతో టాక్సీ ఎక్కి, నగరం చివర పాత బండ్లు విప్పి అమ్మే యార్డుకు తీసుకెళ్ళాడు. నమాజు వేళ కావడంతో షట్టర్లు దించి ఉన్నాయి. అరగంట నీడలో కూర్చున్నాం.

తెరిచాక ఒక పెషావరు పెద్దాయన మోటారు తెచ్చిచ్చాడు. నా పాతదాని పక్కన పెట్టి చూస్తే బోల్టుల వరస తిరగబడి ఉంది. అది కుడి తలుపుది, ఇక్కడి బండ్లలో డ్రైవరు కూర్చునేది ఎడమ వైపు.

"లెఫ్ట్ చాహియే, చాచా" అని ఎడమది అడిగాను.

"లెఫ్ట్ తో సబ్ లే జాతే హైఁ" అని గడ్డం గోక్కున్నాడు. ఎడమవి అందరూ పట్టుకుపోతారట. నిజమే, డ్రైవరు అద్దమే ఎక్కువ అరుగుతుంది, అందరికీ అదే కావాలి. ఒకటి, రెండు, మూడు బండ్ల తలుపులు విప్పాం, లేదు. నాలుగో దాంట్లో దొరికింది. బ్యాటరీకి తీగలు తాకించగానే గిర్రున తిరిగింది. ప్రాణం లేచొచ్చింది. ఎనభై రియాళ్ళు ఇచ్చాను.

ఆ రాత్రికి మస్తాన్ గదిలో పప్పన్నం తిని పడుకుని, బుధవారం ఎనిమిదింటికి తిరుగు బస్సు పట్టుకున్నాను. మూడింటికి హాయిల్‌లో దిగితే బస్టాండు బయట అబూ సాలెం పికప్‌తో సిద్ధంగా ఉన్నాడు. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేదు. అక్కడే తలుపు అట్ట విప్పించాడు. మూడు బోల్టులు, ఒక ప్లగ్గు, అరగంట పని. స్విచ్ నొక్కితే అద్దం దిగింది. ఎక్కించాడు, దించాడు, మళ్ళీ ఎక్కించాడు.

"చాలు బాబా, ఇదీ కాలిపోతుంది" అన్నాను.

పొలం దారిలోకి మళ్ళేసరికి నాలుగున్నర. ఎదురుగా వాళ్ళన్న బండి ఆగి ఉంది. ఆ వేళప్పుడు ఆయనకు అక్కడ ఏ పనీ ఉండదు. మా బండి వెళ్ళి దాని పక్కన ఆగింది. రెండు అద్దాలూ దిగాయి. సలాం అయింది, జవాబు అయింది. అద్దాలు మాత్రం పైకెక్కలేదు.

"రెండు పొద్దులు సలాం చెప్పాను. నీ అద్దం దిగలేదు" అన్నాడు అన్న.

"నేనూ లోపలినుంచి చెప్పాను. మోటారు పోయింది."

అన్న నన్ను చూపించాడు. "ఇతనేనా బాగుచేసింది?"

"ఇతనే."

"నా అద్దం కూడా మొరాయిస్తోంది. రేపు ఇంటికి పంపు." వేలు స్విచ్ మీదకు పోనిచ్చి, "నువ్వే తీసుకురా" అన్నాడు.

వెంటనే నొక్కాడు. ఆయన అద్దం ఎక్కడా ఆగకుండా, చిన్న చప్పుడైనా లేకుండా పైకెక్కి మూసుకుంది. ఇన్నేళ్ళుగా అద్దాలు బాగుచేస్తున్నవాణ్ణి, దానికి ఏ రోగమూ లేదని నాకు తెలిసిపోయింది. పక్కకు తిరిగి చూస్తే అబూ సాలెం కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆయనకూ తెలిసిపోయింది. పద్నాలుగు గంటల బస్సు ప్రయాణంతో పట్టేసిన నడుం నొప్పి ఆ క్షణంలో నాకు గుర్తే లేదు.

బండి కదిలించి, దారి మీంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"పొద్దున్నే వెళ్దాం. స్క్రూడ్రైవర్ మర్చిపోకు."