రాజుగారి రెండు కిలోలు

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా తెలివి వల్ల ఒక పెద్దమనిషి ప్రాణం మీదికి వచ్చిన కథ. తెలివి తక్కువై కాదు, ఎక్కువై. తక్కువైతే ఎవరినైనా అడిగేదాన్ని. అప్పట్లో నేను ఎవరినీ ఏమీ అడిగే స్థితిలో లేను. రాజమండ్రిలో మా ఆస్పత్రికి డయాలిసిస్ మెషిన్లు వచ్చి ఏడాది అయింది, నేను నర్సుగా వాటి దగ్గర చేరి ఆరు నెలలు. ఆ ఆరు నెలలకే కిడ్నీల విషయంలో దేవుడికి కూడా ఒకటి రెండు సలహాలు ఇవ్వగలనన్న నమ్మకం వచ్చేసింది.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. కిడ్నీలు పనిచేయని మనిషికి తాగిన నీళ్ళు బయటికి పోయే దారి ఉండదు. తాగింది తాగినట్టు ఒంట్లోనే నిలుస్తుంది. అందుకని వారానికి రెండుసార్లు మెషిన్ మీద నాలుగు గంటలు పడుకోబెట్టి ఆ నీటిని లాగేస్తాం. ఎంత లాగాలో చెప్పేది కాటా. మనిషి ఉండాల్సిన బరువు అరవై ఎనిమిది కిలోలనుకోండి, కాటా మీద అరవై తొమ్మిది వస్తే ఒక కిలో నీరు లాగాలి. ఇంతే. ఒకటో తరగతి తీసివేత. ఆ తీసివేతలోనే నేను పప్పులో కాలేశాను.

నన్ను పూర్తిగా తప్పుపట్టకండి. డయాలిసిస్ పేషెంట్లు నీళ్ళ దగ్గర చేసే మాయలు మీకు తెలియవు. "నాలుక తడుపుకున్నానమ్మా" అనే మామ్మగారు చెంబెడు నీళ్ళతో నాలుక తడుపుకునేది. ఒకాయన స్నానాల గదిలో గంటసేపు ఉండి బయటికొస్తే ఒళ్ళు పొడిగా, కడుపు నిండుగా ఉండేది. ఇంకొకాయన పుచ్చకాయ సగం లాగించి, "తిన్నానండి, తాగలేదు కదా" అని నాతోనే వాదించాడు. వీళ్ళందరినీ పట్టుకుని పట్టుకుని నేను నర్సునన్న సంగతి మరచిపోయి పోలీసునైపోయాను. పట్టుకున్న ప్రతిసారీ నాకు ప్రమోషన్ వచ్చినంత సంతోషంగా ఉండేది.

అలాంటి రోజుల్లో సత్యనారాయణరాజు గారు సాయంత్రం షిఫ్టు నుంచి మా ఉదయం షిఫ్టుకు మారారు. భీమవరం పక్క పల్లె, రొయ్యల చెరువులు. ఆరడుగుల మనిషి, తెల్లటి పంచె, కూతురి వయసున్న నన్ను కూడా "మీరు" అనే మర్యాద. మోకాళ్ళ నొప్పుల వల్ల కాటా ఎక్కేటప్పుడు కాస్త తూలేవారు. మిగతావాళ్ళు తామే ఎక్కి దిగినా, ఆయన్ని మాత్రం నేను పక్కనే అంటిపెట్టుకుని నిలబడి, జబ్బ పట్టుకుని ఎక్కించి, అలాగే ముందుకు వంగి ముల్లు చూసేదాన్ని.

మొదటి రోజే అదిరిపోయాను.

"డెబ్బై ఒకటి! రాజు గారూ, ఏకంగా మూడు కిలోలు పెరిగారండి!"

"అదేంటండి? రోజుకి అర లీటరు దాటలేదండి నేను."

"మరి కాటా అబద్ధం చెప్తుందాండి?"

"చెప్పదండి. నేనూ చెప్పనండి."

సాయంత్రం షిఫ్టు రికార్డు తిరగేశాను. ప్రతిసారీ ఒక కిలో, ఒక కిలో, ఒక కిలో. పాపం ఆ సిస్టర్ అమాయకురాలు, ఇన్నాళ్ళూ బాగా మోసపోయిందని జాలిపడ్డాను.

మూడు కిలోలు లాగమని మెషిన్ పెట్టాను. రెండో గంటకల్లా రాజు గారి బీపీ జారిపోయింది, పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. లాగడం ఆపి, సెలైన్ ఎక్కించి, కాళ్ళు ఎత్తిపెట్టి గంటసేపు కుస్తీ పట్టాను. తీయడానికి నా దగ్గర నీరు లేదు మొర్రో అని ఆ శరీరం మొత్తుకుంటోంది. నేనేమో దాన్ని కూడా నా సాక్ష్యాల్లో రాసుకున్నాను. "చూశారా, ఎక్కువ తాగితే ఇలాగే అవుతుంది" అని ఉపన్యాసమిచ్చాను. అంత నీరసంలో ఉన్న మనిషిని మళ్ళీ కాటా ఎక్కించడం ఎందుకులే అని, అయ్యాక బరువు చూడకుండానే ఇంటికి పంపేశాను. మళ్ళీ వచ్చినప్పుడు కూడా డెబ్బై ఒకటే. ఆ పై సారీ అంతే. ప్రతిసారీ అదే బీపీ, అవే పిక్కలు.

డాక్టరు గారికి అనుమానం వచ్చింది.

"కాళ్ళ వాపు ఉందా?"

"లేదండి."

"ఆయాసం?"

"లేదండి."

"మరి ఆ మూడు కిలోల నీళ్ళు ఎక్కడున్నాయమ్మా?"

"దాచేస్తున్నారండి."

డాక్టరు గారు "పొట్టలోనా, జేబులోనా?" అన్నారు. అది ఎగతాళి అని నాకు తట్టలేదు. తర్వాతి తూకానికి ముందు నిజంగానే రాజు గారి జేబులు తడిమాను. తాళాల గుత్తి, కళ్ళజోడు, ఒక చేతిరుమాలు దొరికాయి. అవన్నీ తీసి పక్కన పెట్టించినా ముల్లు డెబ్బై ఒకటి దగ్గరే నిలబడింది.

నాలుగో వారం ఒక సోమవారం నా సహనం చచ్చిపోయింది. ఆరు మంచాల వార్డంతా వింటుండగా, "ఈ వయసులో గుక్కెడు నీళ్ళ కోసం అబద్ధాలాడతారేంటండీ!" అని అరిచేశాను. రాజు గారు మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను గెలిచాననుకున్నాను.

గురువారం ఆయన మంచం ఖాళీగా ఉంది. ఆస్పత్రి ఫోన్ నుంచి ఇంటికి చేస్తే ఆయన భార్య సుభద్రమ్మ గారు ఎత్తారు.

"రానంటున్నారండి. నలుగురిలో అబద్ధాలకోరునని అనిపించుకున్నాక ఇంకా బతికి ఏం చేస్తానంటున్నారు. మీరైనా ఓ మాట చెప్పండమ్మా" అని ఏడ్చేశారావిడ.

ఒకసారి మానేస్తే మనిషి తట్టుకుంటాడు. రెండోసారి కూడా మానేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో మా పుస్తకాల్లో ఒకే వాక్యంలో రాసి ఉంటుంది. డాక్టరు గారు విని, "పోగొట్టింది మీరు, తీసుకురావాల్సింది కూడా మీరే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

శుక్రవారం పొద్దున్నే భీమవరం బస్సెక్కాను. భయపడుతూ వెళ్ళాననుకుంటున్నారా? లేదండీ. దారి పొడుగునా నా పథకం నాది. ఇంట్లో ఏ మూల ఏ బిందె దాచారో పట్టుకుని, సాక్ష్యంతో సహా ఆయన్ని వెంటబెట్టుకురావాలని.

రాజుల ఇంటికి సోదాకి వెళ్ళకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. గుమ్మంలో అడుగు పెట్టడమే ఆలస్యం, పీట వాల్చేశారు. రొయ్యల వేపుడు, చేపల పులుసు, కోడికూర, గడ్డ పెరుగు. "ఇంకొక్క ముక్కండి", "అదేంటండి, అలా వదిలేశారు" అంటూ సుభద్రమ్మ గారు వడ్డిస్తూనే ఉన్నారు. చేతులు కడుక్కునే వంకతో వంటిల్లు, పెరడు, స్నానాల గది గాలించాలనుకున్నాను. తిన్నాక లేవడమే కష్టమైంది. రాజు గారు ఎదురుగా పడక్కుర్చీలో కూర్చుని, నేను మూడు కొబ్బరిబొండాలు గటగటా తాగుతుంటే కళ్ళు తిప్పుకున్నారు.

ఆయన కుర్చీ పక్కన ఒక హార్లిక్స్ సీసా, దాని మీద వరసగా ప్లాస్టర్ ముక్కలు అంటించి ఉన్నాయి. పూటకి ఎంతో గుర్తులు. కింద ఒక ఇత్తడి చెంబు కనబడగానే నా గుండె ఉప్పొంగింది.

"ఇందులో ఏంటండి?" అన్నాను, దొంగ దొరికినట్టు.

"నోరెండిపోతే పుక్కిలించి అందులో ఉమ్ముతారండి" అన్నారు సుభద్రమ్మ గారు. "నేను మళ్ళీ కొలుస్తానండి. పోసినంతా తిరిగొచ్చిందో లేదో చూడాలి కదండి మరి."

మొగుడు ఉమ్మిన నీళ్ళు కొలిచే ఇల్లాలిని చూశాక నా పోలీసుతనం మొదటిసారి తడబడింది. కానీ అంత తేలిగ్గా ఒప్పుకుంటే నేను నేనెందుకవుతాను?

"అన్నీ బాగానే ఉన్నాయండి. మరి బరువు ఎలా పెరుగుతోంది?"

రాజు గారు మెల్లగా నోరు విప్పారు. "అంత పెరగట్లేదండి. చెరువు గట్టు మీద మా కాటా ఉంది. రోజూ చూసుకుంటున్నాను. ఇవాళ అరవై తొమ్మిదిన్నర."

"రొయ్యల కాటా మనుషులకి పనికొస్తుందేంటండి?"

"గ్రాము తేడా వస్తే కొనేవాళ్ళు ఊరుకోరండి" అన్నారాయన. గొంతులో మొదటిసారి కాస్త రోషం వినబడింది.

సరే పదండన్నాను. గట్టు మీద రేకుల షెడ్డు, మేత బస్తాలు, మధ్యలో మా ఆస్పత్రిలో ఉన్నటువంటి పెద్ద ముల్లు కాటా. దాని పక్కన పోతయ్య అనే నడివయసు మనిషి. చెరువులు తవ్విన నాటి నుంచీ ఆ కాటా దగ్గర కాపలా అతనిదేనట. రాజు గారు అతని భుజం ఆనుకుని ఎక్కి, చెయ్యి వదిలేసి నిలబడ్డారు. అరవై తొమ్మిదిన్నర.

"దిగండి" అన్నాను. "ఇలా కాదు. బరువు చూడటానికి ఒక పద్ధతి ఉంటుంది. నేను చూపిస్తాను."

జబ్బ పట్టుకుని ఎక్కించాను. ముందుకు వంగాను. ముల్లు పరుగెత్తి డెబ్బై ఒకటిన్నర మీద ఆగింది.

"చూశారా!" అని అరిచాను. చెరువులో కొంగలు ఎగిరిపోయాయి. "మీ కాటాయే చెప్తోంది! ఇప్పుడేమంటారు?"

రాజు గారి మొహం పాలిపోయింది. సుభద్రమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పోతయ్య మాత్రం ముల్లు వంక చూడటం లేదు. నేల వంక చూస్తున్నాడు.

"సిస్టరుగోరూ, తవరేవీ అనుకోనంటే ఓ మాటండి."

"ఏంటి?"

"ఆ కాలు తీయండి."

కిందికి చూశాను. రాజు గారు తూలకుండా పట్టుకునే హడావిడిలో, నా కుడికాలి ముందు సగం సుఖంగా కాటా పలక మీద విశ్రాంతి తీసుకుంటోంది. తీశాను. ముల్లు బుద్ధిగా వెనక్కి నడిచి అరవై తొమ్మిదిన్నర దగ్గర నిలబడింది.

"మేత బస్తాలు దింపేవోళ్ళు ఇలాగే పెడతారండి, ఆయ్" అన్నాడు పోతయ్య, నన్ను ఓదారుస్తున్నట్టు. "కాటా కాడ మేం చూసేది ముల్లు కాదండి, కాళ్ళండి."

ఆ గట్టు మీద నాకు కలిగిన సిగ్గు మీకు వర్ణించి చెప్పలేను. నాలుగు వారాలు ఒక మనిషి ఒంట్లోంచి లేని నీళ్ళు పిండాను. పైగా అబద్ధాలకోరని పేరు పెట్టాను. "రాజు గారూ, క్షమించండి" అంటుంటే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. ఆయన నాకేసి చూడలేదు. భార్య వైపు తిరిగి, "విన్నావా సుభద్రా, నేను అబద్ధమాడలేదు" అన్నారు. చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది ఆ మొహం. తర్వాత నాతో, "రేపొద్దున్నే వస్తానండి. కానీ పోతయ్య కూడా వస్తాడు" అన్నారు.

వచ్చాడు. శనివారం పొద్దున్న ఉతికిన చొక్కా వేసుకుని కాటా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ముల్లు చదివాను, అరవై ఎనిమిదికి పైన ఎంత ఉందో అంతే లాగమని పెట్టాను. బీపీ కదల్లేదు, పిక్కలు పట్టలేదు. రాజు గారు నాలుగు గంటలు హాయిగా నిద్రపోయి, లేచి ఆకలి అన్నారు. పంపేముందు ఈసారి మళ్ళీ తూకం వేశాను. సరిగ్గా అరవై ఎనిమిది.

ఆయన కాటా దిగకముందే డాక్టరు గారు వచ్చారు. జరిగిందంతా చెప్పాను. రావాల్సిన చివాట్లు వరసగా వచ్చాయి.

"ఇంత చిన్న విషయం చూసుకోలేకపోయారా? చదువుకున్న మనిషి కాటా దగ్గర ఎలా నిలబడాలో తెలుసుకోదా? ఇటు చూడండి, ఇలా!" అంటూ, కాటా మీద ఉన్న రాజు గారి పక్కన చేరి, వంగి, ముల్లు చూపించారు. "డెబ్బై... అదేంటి?"

పోతయ్య గొంతు సవరించుకున్నాడు.

"డాట్రు బాబూ, తవరి కాలండి."

ఆ రోజు మా వార్డులో ఆరు మంచాలూ నవ్వాయి. అందరికంటే పెద్దగా నవ్వింది రాజు గారు. డాక్టరు గారు బూటు వెనక్కి తీసుకుని, చాలా అర్జెంటు పనున్నట్టు వెళ్ళిపోయారు.

కనుక, ఇప్పుడు కొత్త నర్సులకు పాఠాలు చెప్పే పెద్దరికంలో ఉన్న నేను, మీ అందరి ఎదుటా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. జన్మలో ఇంకెవరినైనా అబద్ధాలకోరు అనాల్సి వస్తే, ముందు నా రెండు కాళ్ళూ ఎక్కడున్నాయో చూసుకుంటాను. అవి నేల మీదే ఉన్నాయని ఇద్దరు పెద్దమనుషుల చేత సాక్ష్యం చెప్పించుకుంటాను. ఆ తర్వాత కూడా అనను.