తిప్పేష్ బండికి రాయి బ్రేకు

మా తిప్పేష్ బండికి హ్యాండు బ్రేకు లేదు. రాయి ఉంది.

బండి ఆగగానే తిప్పేష్ బ్రేకు పెడల్‌ను కాలితో అదిమిపెట్టి, స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, "రాయీ!" అని కేకేస్తాడు. పక్క సీట్లో ఉన్న మనిషి, ఎవరైనా సరే, కాళ్ళ దగ్గరున్న ఎనిమిది కిలోల బండను మోసుకుంటూ దిగి, వెనక చక్రానికి అడ్డంపెట్టి, "పడింది!" అని బదులు కేకెయ్యాలి. అప్పటిదాకా అతని కాలు పెడల్ మీద నుంచి లేవదు. కదిలేటప్పుడు మళ్ళీ రాయి తీసుకుని ఎక్కాలి. ఒకసారి అతని ఆఫీసు పెద్దాయన ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో లిఫ్టు అడిగాడు. ఆయనకూ ఇదే చెప్పాడు.

"సార్, రాయి."

"రాయేంటయ్యా?"

"మీ కాళ్ళ కాడ ఉండాది సార్. బిరీన పెట్టండి, కాలు నొస్తాంది."

పెద్దాయన పెట్టాడు. "పడింది" అనడం మరిచిపోతే దాన్నీ అనిపించుకున్నాడు.

నా పేరు రామాంజులు. గుంతకల్లు పోస్టాఫీసులో గుమాస్తాను. తిప్పేష్‌ది అక్కడే రైల్వేలో స్టోర్సు ఉద్యోగం. ఊరి నుంచి ఇద్దరం రోజూ అతని బండిలోనే ఇరవై రెండు కిలోమీటర్లు పోయి వస్తాం. కాబట్టి ఆ రాయి బరువు నాకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఎవరికీ తెలియదు.

బండి చిన్న సైజు ఎస్‌యూవీ. వయసు పదమూడేళ్ళు. ఇద్దరు వాడి వదిలేశాక తిప్పేష్ కొన్నాడు. కొత్తలో దాని బ్రేకుల నిండా రోగాలే. పెడల్ తొక్కితే బజ్జీల పిండిలోకి దిగినట్టు మెత్తగా దిగిపోయేది. రెండోసారి తొక్కితేగానీ పట్టేది కాదు. గట్టిగా తొక్కితే బండి ఎడమకు గుంజేది. ఆగినప్పుడల్లా కీచుమని అరిస్తే రోడ్డు పక్క గొర్రెలు మేత మాని తలలెత్తి చూసేవి.

బ్రేకుల విషయంలో తిప్పేష్ మహా పిరికివాడు. మెకానిక్ ప్రతాప్ షెడ్డులో మూడు రోజులు కూర్చున్నాడు. బ్రేకు ఆయిలు మార్పించాడు, పైపుల్లో చేరిన గాలి తీయించాడు, ముందు చక్రాలకు కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేయించాడు. ఎడమ చక్రం దగ్గర బిగుసుకుపోయిన దాన్నంతా విప్పించి శుభ్రం చేయించాడు. ఇంత చేయించినవాడు హ్యాండు బ్రేకు ఒక్కటీ వదిలేశాడు.

దాని ఫలితం వారం తిరక్కుండానే తెలిసింది. భద్రమ్మ హోటలు ముందు మేమిద్దరం ఉగ్గాని తింటూ ఉంటే బండి తనంతట తానే వెనక్కి నడిచి వచ్చి, ఆమె నానబెట్టిన బొరుగుల గంగాళాన్ని పడదోసి ఆగింది.

"ఏమప్పా తిప్పేషూ, నీవు తింటాండావు సరే, నీ బండిగ్గూడ ఆకలైతాందా?" అని అడిగింది భద్రమ్మ.

ఆ రోజే రోడ్డు పక్క నుంచి ఒక గుండ్రాయి ఏరుకొచ్చాడు. దానితో రాయి శకం మొదలైంది.

"హ్యాండు బ్రేకు ఎప్పుడు చేపిస్తావప్పా?" అని నేను వారానికోసారి అడిగేవాణ్ణి.

"కేబుల్ యాడా దొరకలా."

మరో వారం అడిగితే, "ఈ మోడల్‌కు కేబుల్ చేసేదే నిలిపేసినారంట" అనేవాడు. ఇంకో వారం వేదాంతం చెప్పేవాడు. "కేబుల్ అన్నాక తెగుతాది రామాంజులూ. రాయి యాడన్నా తెగుతాదా?"

ఈ రాయి కథలోకి యేసన్న వచ్చింది అప్పుడే. యేసన్న ముప్పై ఏళ్ళు క్వారీలో బండలు కొట్టినవాడు. భార్య కృపాకుమారికి మూత్రపిండాలు చెడిపోయాయి. సోమవారం, గురువారం గుంతకల్లు ఆసుపత్రికి పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలి. తప్పితే ప్రాణానికే ముప్పు. మా ఊరికి వచ్చే బస్సేమో తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. ఒక సోమవారం అది రానే లేదు. తిప్పేష్ బండి ఆపి ఎక్కమన్నాడు.

"వద్దప్పా" అన్నాడు యేసన్న. "ఊరికే ఎక్కే అలవాటు నాకు లేదు. ఒగరి కాడ ఊరికే తీసుకుంటే ఆ పొద్దు నాకు కూడు దిగదు."

"ఆమె మొగం చూడన్నా, ఎట్ల వాచిందో!"

"చూస్తానే ఉండా. బస్సొస్తాది, నువ్వు పో."

బస్సు రాలేదు. ఆ వారం కృపాకుమారికి ఒక విడత తప్పిపోయింది. బుధవారానికి ఆయాసంతో మంచం మీద పడుకోలేక కూర్చునే ఉందని ఊళ్ళో చెప్పుకున్నారు.

గురువారం తిప్పేష్ మళ్ళీ వాళ్ళ ముందే బండి ఆపాడు. ఈసారి ఎక్కమనలేదు. "యేసన్నా, నీవు బండ పని తెలిసినోడివి. ఈ రాయి నిలబడకుండా ఉండాది, ఒగసారి చూడు" అన్నాడు.

యేసన్న ఆ గుండ్రాయిని చేతిలో తిప్పి, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చనివాడిలా మొహం పెట్టాడు. "ఇది రాయా? ఉల్లిగడ్డ మాదిరి దొర్లుతాది. దీన్ని నమ్ముకోని రోడ్డెక్కినావా?"

"ఏం చేద్దునన్నా! పెట్టేటోడు ఈ రామాంజులు. ఈయప్పకు రాయి పెట్టేది గూడ చేతగాదు. నిన్న ఈయప్ప పెడితే జారిపాయ. తెలిసినోడు పక్కన ఉంటే నాకు ధైర్యం."

నిన్న నేను పెట్టిన రాయి జారలేదు. ఆ మాట నోటిదాకా వచ్చేలోపే యేసన్న భార్యను వెనక సీట్లో ఎక్కించి, ముందు సీట్లో కూర్చున్నాడు. నన్ను వెనక్కి తోశారు. మరుసటి వారానికి యేసన్న గ్రానైటు ముక్క తెచ్చి, ఉలితో ఏటవాలుగా చెక్కి, చక్రం కూర్చునేలా గుంట తీసి, పట్టుకోవడానికి తాడు కూడా కట్టిచ్చాడు. అంత అందమైన రాయిని నేను గుళ్ళో కూడా చూడలేదు.

అప్పటి నుంచి సోమ, గురువారాలు ఆయన డ్యూటీ, మిగతా రోజులు నాది. ఆయన "పడింది!" అనగానే వెనక సీట్లోంచి కృపాకుమారి, "ప్రభువా! రాయిని నిలబెట్టు తండ్రీ!" అని నా చెవి గింగురుమనేలా ప్రార్థించేది. నా డ్యూటీ రోజుల్లో ప్రార్థన కూడా ఉండదు. ఒకనాడు రైల్వే గేటు దగ్గర ఎత్తు మీద రాయి పెట్టి నిలబడ్డాను. గేటు లేచింది. వెనక లారీ హారను మోగించేసరికి తిప్పేష్ కంగారుపడి నన్ను వదిలేసి పోయాడు. ఎనిమిది కిలోల రాయిని చంకన పెట్టుకుని పట్టాలు దాటి పరిగెత్తాను. గేటుమ్యాన్ లింగన్న నాకు పచ్చజెండా ఊపాడు.

ఇలా రెండేళ్ళు గడిచాయి. పోయిన నెల ఆ రాయి నా బొటనవేలి మీద పడింది. ఇక చాలనుకున్నాను. తిప్పేష్ చెల్లెలి గృహప్రవేశానికి రైల్లో పోతూ తాళాలు నాకిచ్చాడు. ఆ శనివారం నేను కుంటుకుంటూనే బండిని ప్రతాప్ దగ్గరికి తోలుకుపోయి, "ఖర్చు నాది, దీనికి హ్యాండు బ్రేకు పెట్టు" అన్నాను.

ప్రతాప్ నన్ను వింతగా చూశాడు. బండిని షెడ్డు ముందున్న వాలులో ఆపి, కిర్రుమని లివర్ లాగి దిగాడు. "తొయ్యి సార్" అన్నాడు. తోశాను. పక్క షెడ్డు వాళ్ళు ముగ్గురు వచ్చి తోశారు. బండి కదల్లేదు.

"రెండేండ్ల కిందటే నేను కేబుల్ మార్చినా సార్. వెనక బ్రేకు షూలు గూడ కొత్తవే ఏసినా. మూడు నెల్లకోసారి తెచ్చి చూపించుకోని పోతాడు."

"మరి రాయి?"

"రాయి సంగతి నాకేం తెల్సు సార్?"

నా వేలు నొప్పి నెత్తికెక్కింది. రెండేళ్ళ పాటు నా చేత బండ మోయించిన వాణ్ణి అందరి ముందూ కడిగేయాలని ఆదివారమంతా మాటలు కూర్చుకున్నాను.

సోమవారం గేటు పడి ఉంది. "రాయీ!" అన్నాడు తిప్పేష్. యేసన్న దిగాడు. నేను వెనక నుంచి గట్టిగా అందుకున్నాను. "తిప్పేషూ, హ్యాండు బ్రేకు లాగప్పా! శనివారం ప్రతాప్ కాడికి పోయినా."

తిప్పేష్ తల అడ్డంగా ఊపుతూ, కళ్ళతోనే నాకు దండం పెట్టాడు. అంతలోనే "పడింది!" అన్న యేసన్న కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏమంటివి సార్? హ్యాండు బ్రేకు బాగైందా?" అంటూ సీటు మీదున్న తన సంచి అందుకున్నాడు. "బాగైతే మంచిదే. ఇంగ నాకు ఈడ పనేముండాది? గురువారం నుంచి మేము బస్సుకు పోతాము."

వాచిన కాళ్ళు ముందుకు చాపుకుని కూర్చున్న కృపాకుమారిని చూశాను. అప్పటికిగానీ నా మట్టిబుర్రకు వెలగలేదు. ఆ గురువారం అతని మాటల్లో నా రాయి ఎందుకు జారిందో, గుట్టు బయటపడకుండా మిగతా రోజులు నా చేత బండ ఎందుకు మోయించాడో కూడా తెలిసింది. కూర్చుకున్న మాటలన్నీ మింగేశాను.

"యాడ బాగైతాది యేసన్నా! ప్రతాపే చేతులెత్తేసినాడు. ఈ మోడల్‌కు కేబులే రాదంట."

"నేను ఆ పొద్దే అనుకున్నాలే" అని యేసన్న సంచిని సీటు మీదే వదిలి, తృప్తిగా తన రాయి దగ్గరికి పోయాడు. తిప్పేష్ చొక్కాతో మొహం తుడుచుకుని, అలవాటుగా లివర్ లాగాడు. సరిగ్గా అప్పుడే, "ప్రభువా! రాయిని నిలబెట్టు తండ్రీ!" అని కృపాకుమారి కేక పెట్టింది. ఆ కిర్రు పక్కనున్న నాకే సగం వినిపించింది.

నేను ఆమె వైపు చూశాను. తిప్పేష్ వెనక్కి తిరిగి చూశాడు.

"ఏం చేసేది సార్" అంది ఆమె మెల్లగా. "ఈయప్ప లాగేది కిర్రుమంటాది. మా ఆయనవి పాము చెవులు. అందుకని గట్టిగా ప్రార్థన చేస్తా."

తిప్పేష్ నోరు తెరిచాడు. "రెండేండ్ల నుంచీ నీకు తెలుసా అక్కా?"

"తెలిసినందుకే గదప్పా బతికుండా."

"అయితే ప్రార్థన ఉత్తదేనా?" అన్నాను నేను.

"ఉత్తదెందుకైతాది సార్! ప్రభువు కాడ నేను రాయిని అట్లే నిలబెట్టమనే గదా అడిగేది?"

తిప్పేష్ స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. బొటనవేలు కూడా నొప్పి మరిచిపోయింది.

అంతలో వెనక ఆగిన ఆటోవాడు తల బయటపెట్టి, "ఏమప్పా పెద్దాయనా, ఈ కాలంలో రాయేంది? హ్యాండు బ్రేకు చేపించుకోమని చెప్పరాదా?" అని అరిచాడు.

యేసన్న రాయి మీద ఒక కాలు పెట్టి, తలగుడ్డ సర్దుకున్నాడు.

"ఎందుకప్పా దండగ? నేనుండా గదా!"