మా బొడ్రాయి మీద మహిపాల్ పెత్తనం

మహిపాల్ నల్గొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఆటో నడుపుతున్నాడు. ఆదివారాలు కాలేజీ పిల్లలకు మా పాత మన్సూరాబాద్ సందులు తిప్పి చూపిస్తాడు. నేను ఊరిబడిలో ఏడో తరగతి ఫస్టున పాసైనవాణ్ణి, రెండుసార్లు వార్డు మెంబరును, ఊరికి మొదటి బోరు వేయించినవాణ్ణి. నన్నెవరూ అడగరు. కడుపు మండి, తప్పు పట్టాలని మొన్న వాళ్ల వెంట నడిచాను.

మొబైల్ దుకాణం వెనుక, ఊరు పుట్టిననాడు పాతిన బొడ్రాయి దగ్గర మహిపాల్ అందరిచేతా చెప్పులు విడిపించాడు. ఒక్క తప్పూ దొరకలేదు. పైగా చెంబు నాకందించి, "పటేలా, గీ ఊరోళ్లు మీరు. మొదటి నీళ్లు మీరే పొయ్యాలె" అన్నాడు.

ఛాతీ విరిచి పోశాను.

ఓ పిల్ల అతని వైపు తిరిగి, "అన్నా, తాత మంచిగనే పోసిండా?" అని అడిగింది. అతను తలూపాకే నా ఫొటో తీసింది.